ఒక వీధి నడిపిన బడి

'మేనేజ్‌మెంట్' అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే: కోటా సీటు, ఫీజు డెడ్‌లైన్. 1586లో ఉక్రెయిన్‌లోని ల్వీవ్ పట్నంలో పెట్టిన ఒక బడికి మాత్రం మేనేజ్‌మెంట్ అంటే ఊళ్లోని వ్యాపారులు, చేతిపనులవాళ్లు. అంటే పిల్లల్ని పంపేవాళ్లే అన్నమాట.

అప్పట్లో ల్వీవ్ పోలండ్ రాజుల కింద ఉండేది, ఊళ్లో పెత్తనం క్యాథలిక్కులది. ఇప్పటి ఉక్రేనియన్ల పూర్వీకులైన ఆర్థడాక్స్ రుథేనియన్లని దాదాపు ఒక్క వీధికే కట్టడి చేశారు. పిల్లలు వేరేవాళ్ల బడికి వెళ్తే మతం, భాష రెండూ పోతాయని వాళ్ల భయం. అందుకే వాళ్ల చర్చి చుట్టూ ఏర్పడ్డ సోదర సంఘం తన డబ్బుతో బడి పెట్టి, నియమాలు రాసుకుంది.

ఆ నియమాల్లో అందరూ మెచ్చుకునేది ఒకటుంది: పిల్లాడు ఎక్కడ కూర్చోవాలో చదువే తేల్చాలి, డబ్బు కాదు. బాగా చదివితే కటిక పేదవాడైనా ముందు వరసే. నాకు ఇది అంత గొప్పగా అనిపించదు. మార్కుల్ని బట్టి సెక్షన్లు వేసే ఇంటర్ కాలేజీల్లోంచి వచ్చినవాళ్లం కదా, వెనక వరస బాధ మనకి తెలుసు! దాని పక్కనే ఉన్న ఇంకో నియమం నాకు నచ్చింది. ధనవంతుడి కొడుకైనా, అనాథైనా, వీధిలో అడుక్కునే పిల్లాడైనా మాస్టారు ఒకేలా చెప్పాలి.

మాస్టారు తాగుబోతు, లంచగొండి, కోపిష్టి, బూతులు మాట్లాడేవాడు అయి ఉండకూడదు. మంత్రగాడు కూడా! పిల్లాడు బడికి రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవాలి: ఆటలో పడ్డాడా, బద్ధకించాడా, నిద్ర లేవలేదా? (ఈ మూడో కారణం దగ్గర మనలో చాలామంది దొరికిపోతాం.)

అసలు విషయం తండ్రితో ఒప్పందం. కొడుకుని చేర్చేటప్పుడు ఇరుగుపొరుగువాళ్లని ఒకరిద్దర్ని సాక్షులుగా తెచ్చుకోవాలి. ఏం చెప్తారో, ఏం ఆశిస్తారో వాళ్ల ముందే తేలాలి. మాన్పించాలన్నా తండ్రే స్వయంగా, ఆ సాక్షులతోనే రావాలి. మాట తప్పితే అటు మాస్టారికీ ఇటు తండ్రికీ వీధిలో తల ఎత్తుకోవడం కష్టం. బడి నిజంగా జనం చేతిలో ఉందనడానికి నాకు కనబడే రుజువు ఇదే. మనం చేరినప్పుడు సంతకాలన్నీ మనవే, కాలేజీ మనకి రాసిచ్చింది ఏముంది?

ఫలితం కూడా కనబడింది. 1591లో సంఘం సొంత ప్రెస్సులో 'అడెల్ఫోటెస్' అనే గ్రీకు-స్లావోనిక్ వ్యాకరణం అచ్చయింది. దాన్ని తయారుచేసింది ఆ బడి విద్యార్థులే.

గొడవలు లేకపోలేదు. తన అధికారానికి లొంగలేదని సొంత బిషప్ గెడియోన్ బలబానే ఏళ్ల తరబడి ఆ సంఘంతో తగువుపడ్డాడు.

1615లో కీవ్‌లోనూ ఇలాంటి బడి మొదలైంది, గాల్ష్కా గులెవిచివ్నా అనే ఆవిడ ఇచ్చిన స్థలంలో. 1632లో దాన్ని పెత్రో మొహిలా పెట్టిన బడితో కలిపేశారు. అది పేరున్న కాలేజీగా ఎదిగింది, పగ్గాలు మాత్రం మొహిలా చేతికి వెళ్లాయి. ఆ ఎదుగుదలని నేను కాదనను. కానీ పొరుగువాళ్లు సాక్షులుగా నిలబడ్డ బడిలోనే చేరేవాణ్ణి.