విత్తనపు వడ్లు - రాత్రి డ్యూటీలు

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఒకప్పుడు రాళ్ళూ తుప్పలూ ఉన్న ఆ నేల మీద నేడు అర్ధరాత్రి కూడా దీపాలు ఆరవు. అమెరికాలో తెల్లవారితే ఇక్కడ మనవాళ్ళకు డ్యూటీ మొదలు! "హైటెక్ సిటీలో ఉద్యోగమట" అన్న మాటకు మా ఊళ్ళో ఉన్న గౌరవం పదెకరాల మాగాణికి లేదు. నేను ఆ ఉద్యోగాలకు విరోధిని కాను. మా అక్క రాత్రి డ్యూటీ చేసి తెచ్చే జీతంతోనే నా ఫీజు కడుతున్నాం. నా ప్రశ్నల్లా ఒక్కటే: ఆ జాగారం ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది?

జీవశాస్త్ర విద్యార్థిగా చర్మాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మన పైచర్మం నెల, నెలన్నరకోసారి పూర్తిగా కొత్తదవుతుంది. దాని అడుగు వరసలో మూలకణాలు ఉంటాయి. అవి విభజన చెందగా పుట్టిన కణాల్లో కొన్ని మూలకణాలుగానే మిగులుతాయి, కొన్ని పైకి జరిగి, గట్టిపడి, చచ్చి, పొట్టులా రాలిపోతాయి. రైతు ఎంత కరువొచ్చినా విత్తనపు వడ్లు దంచుకు తినడు. చర్మానికి మూలకణాలు అలాంటి విత్తనపు వడ్లే.

వీటికీ శక్తి కావాలి కదా! కణం శక్తిని ఏ.టి.పి. రూపంలో వాడుకుంటుంది. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. చక్కెరను ఆక్సిజన్ లేకుండా విడగొడితే కణానికి మిగిలేది రెండే ఏ.టి.పి.లు. మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా మండిస్తే సుమారు ముప్పై. లాభం పెద్దదే గానీ, పెద్ద పొయ్యికి పొగ కూడా ఎక్కువ. తీవ్రమైన ఆక్సిజన్ రూపాలే ఆ పొగ. మోతాదు మించితే అవి డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. అలాగని పొగ అసలే వద్దనీ కాదు. చర్మకణం పక్వానికి రావడానికి కొంచెం కావాలని ఎలుకల మీద పరిశోధనలు చెబుతున్నాయి. కావలసింది అదుపు!

ఆ అదుపుకు ఒక గడియారం ఉంది. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాస్త్రజ్ఞులు బతికున్న ఎలుకల చర్మంలో మూలకణాలను గమనించారు. శక్తిని తయారుచేసే తీరు రాత్రికీ పగటికీ మారుతోంది, డి.ఎన్.ఏ. నకలు తీసుకునే వేళా దానికి జోడై నడుస్తోంది. గడియారపు జన్యువును తీసేస్తే ఆ లయ పోయింది. పొగ ఎక్కువున్న వేళ విత్తనం నాటకుండా ఉండే ఏర్పాటు ఇది అని వారి అభిప్రాయం. ఎలుకకు నిజమైనదంతా మనిషికి నిజమని నేననను. అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో ఒకసారి, 2019లో మళ్ళీ రాత్రి డ్యూటీని "బహుశా క్యాన్సర్ కారకం" అన్న వర్గంలోనే చేర్చింది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం తగునా?

మరి మనం చేస్తున్నదేమిటి? నిద్ర అమ్ముకుని, ఆ డబ్బుతో క్రీములు కొంటున్నాం! ఆపిల్ మూలకణాల క్రీమట! ఆపిల్ కణం మనిషి చర్మకణం ఎలా అవుతుంది స్వామీ? క్రీము పై పొరను తడిగా ఉంచుతుంది, మంచిదే. ఎండ నుంచి కాపాడే లేపనం ఇంకా మంచిది, మడిలో వంగి నాట్లేసే మా అమ్మకు అదే ముందు కావాలి. కానీ తప్పిన నిద్రను ఏ సీసా తిరిగివ్వలేదు.

కనుక యాజమాన్యాలు షిఫ్టులను వారం వారం తారుమారు చేయకూడదు. రెండు డ్యూటీల మధ్య చాలినంత విశ్రాంతి ఇవ్వాలి. రాత్రి పనిచేసేవారికి ఏటా వైద్య పరీక్ష సొంత ఖర్చుతో చేయించాలి. ఇది దయాదాక్షిణ్యం కాదు, విత్తనం ఖర్చు.

మిత్రులారా! రేపు ఇంటర్వ్యూలకు వెళ్ళేది మనమే. జీతమెంతని అడగడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. నెలకు ఎన్ని రాత్రులు, షిఫ్టు ఎన్నాళ్ళకోసారి మారుతుంది, మధ్యలో విశ్రాంతి ఎన్ని గంటలు - ఇవి కూడా అడుగుదాం. ఒక్కరు అడిగితే పొగరంటారు, బ్యాచంతా అడిగితే జవాబిస్తారు.