మద్దాల పుస్తకం, జియా సరాయ్ చదువు

దక్షిణ ఢిల్లీలో ఐఐటీని ఆనుకుని ఉన్న పాత ఊరు జియా సరాయ్. చుట్టూ నగరం పెరిగిపోయి ఊరిని లోపల ఇరికించేసింది. సన్నటి సందులు, అంతస్తు మీద అంతస్తు వేసిన అద్దె గదులు, కింద జిరాక్స్ షాపులు, పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు, ఎటు చూసినా కోచింగ్ బోర్డులు. గేట్, సీఎస్‌ఐఆర్ నెట్, యూజీసీ నెట్, ఇండియన్ ఎకనమిక్ సర్వీస్. ఎకనమిక్స్‌లో ఎంఏ చేసి, ఏదో ఒక కాలేజీలో పాఠం చెప్పే రోజు కోసం ఎదురుచూసే పిల్లలు ఇక్కడ గది తీసుకుని చదువుతుంటారు. ఎకనమెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంక పద్ధతుల్లో కొలిచే శాస్త్రం) అనగానే వాళ్లకు ముందుగా గుర్తొచ్చే పేర్లు రెండు: గుజరాతీ, మద్దాల.

మొదటి పేరు 'బేసిక్ ఎకనమెట్రిక్స్' రాసిన దామోదర్ గుజరాతీది. రెండోది జి.ఎస్. మద్దాలది. ఆ ఇంటిపేరు ఎక్కడిదో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. కానీ ఆయన జీవితం గురించి మనవాళ్లు మాట్లాడుకున్నది చాలా తక్కువ. మాట్లాడుకోవాలి. మన విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ ఎలా తయారవుతాడన్న ప్రశ్నకు ఆయన వృత్తి జీవితంలో ఒక గట్టి జవాబు ఉంది.

1933 మే 21న పుట్టిన మద్దాలది కలిగిన కుటుంబం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో బీఏ, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి స్టాటిస్టిక్స్‌లో ఎంఏ చేశారు. 1960లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌గా అమెరికా వెళ్లి, షికాగో విశ్వవిద్యాలయంలో ఆర్థికవేత్త జ్వీ గ్రిలికెస్ దగ్గర 1963కల్లా పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆయన తొలినాళ్ల పరిశోధన అమెరికా బొగ్గు పరిశ్రమ మీద. 1919 నుంచి 1954 దాకా గనుల్లో ఉత్పాదకత ఎలా మారింది, అందులో యంత్రాల పాత్ర ఎంత, సాంకేతిక మార్పు పాత్ర ఎంత అన్నది దాని సారాంశం. ఆ వ్యాసం 1965లో 'జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ'లో వచ్చింది. సింగరేణి ప్రాంతంలో పెరిగిన ఏ విద్యార్థికైనా ఇది పరాయి విషయం అనిపించదు.

ఆ తర్వాత ఆయన ఒకచోట కుదురుకుపోలేదు. స్టాన్‌ఫర్డ్, రోచెస్టర్, ఫ్లోరిడా, చివరికి ఒహాయో స్టేట్. 1999 జూన్ 4న కన్నుమూసే నాటికి అక్కడ ఎమినెంట్ స్కాలర్ హోదాలో ఉన్నారు. నూటికి పైగా పరిశోధన వ్యాసాలు, డజను పుస్తకాలు. చోటు మారినప్పుడల్లా కొత్త విద్యార్థులు, కొత్త సహోద్యోగులు, వాళ్లతోపాటే కొత్త ప్రశ్నలు.

ఆయన ప్రశ్నలు చాలావరకు మన ఊళ్లలోనూ తిరిగేవే. సీజన్‌లో యూరియా కోసం రైతులు సొసైటీ ముందు బారులు తీరతారు. ఆ నెలలో జిల్లాలో ఇన్ని బస్తాలు అమ్ముడయ్యాయని లెక్క వస్తుంది. ఆ అంకె రైతుకు కావలసినదా, దొరికినదా? ధర ప్రభుత్వం కట్టేసినప్పుడు, సరుకు చాలని నెలలో అమ్మకం లెక్క గిరాకీని చూపదు, సరఫరా ఎంత వచ్చిందో అంతవరకే చూపుతుంది. సరుకు పుష్కలంగా ఉన్న నెలలో గిరాకీని చూపుతుంది. ఏ నెల ఏది చూపిందో ముందుగా తెలియనప్పుడు రెండింటినీ విడదీసి అంచనా కట్టడం ఎలా? ఇలాంటి మార్కెట్లను లెక్కించే పద్ధతిని మద్దాల, ఫారెస్ట్ నెల్సన్ కలిసి 1974లో 'ఎకనమెట్రికా'లో ప్రచురించారు. ఎరువుల కొరతకు పరిష్కారం అందులో దొరకదు. కొరత ఎంతో కొలిచే దారి దొరుకుతుంది. కొలవకుండా శాసనసభలో ఎన్ని గంటలు వాదించుకున్నా లాభమేముంది?

1983లో వచ్చిన ఆయన అసలు పెద్ద పుస్తకం అవును, కాదు అన్న జవాబుల గురించి. రైతు పంట బీమా తీసుకున్నాడా, లేదా? ఇల్లాలు కూలికి వెళ్లిందా, లేదా? కూలి రేటు కనపడేది పనికి వెళ్లినవాళ్లది మాత్రమే. ఇంట్లో ఉండిపోయినవాళ్లకు ఎంత గిట్టేదో ఏ సర్వేలోనూ ఉండదు. ఆ లోటును పట్టించుకోకుండా సగటు తీస్తే లెక్క తప్పుతుంది. ఈ రంగంలో చేసిన కృషికే జేమ్స్ హెక్‌మన్, డేనియల్ మెక్‌ఫాడెన్‌లకు 2000లో నోబెల్ వచ్చింది. చెల్లాచెదురుగా ఉన్న ఆ పద్ధతులను ఒక్కచోట చేర్చి, విద్యార్థి చేతికి అందేలా పేర్చిన పుస్తకం మద్దాలది. ఎకనమెట్రిక్స్‌లో అత్యధికంగా ఉటంకించిన పుస్తకాల్లో అది ఒకటి.

ఇక జియా సరాయ్ పిల్లలు చదివేది 1988లో వచ్చిన 'ఇంట్రడక్షన్ టు ఎకనమెట్రిక్స్'. దాని గొప్పతనం సూత్రాల్లో లేదు, హెచ్చరికల్లో ఉంది. అంచనా తప్పులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయేమో చూసే డర్బిన్-వాట్సన్ పరీక్షలో తేడా వస్తే వెంటనే మందు వేసినట్టు సవరణ చేసేయవద్దని ఆయన చెబుతారు. ముందు సమీకరణం సరిగా రాశామా, ముఖ్యమైన చరరాశి ఏదైనా వదిలేశామా అని చూసుకోమంటారు. ఏళ్ల తరబడి తరగతి గదిలో నిలబడి, విద్యార్థులు ఎక్కడ తొందరపడతారో కళ్లారా చూసిన ఉపాధ్యాయుడే ఆ పేజీలు రాయగలడు.

మరి కాలేజీ ఉద్యోగానికి అర్హతనిచ్చే యూజీసీ నెట్ అడిగేది ఏమిటి? రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, మూడు గంటలు, ప్రశ్నకు నాలుగు జవాబులు. డర్బిన్-వాట్సన్ విలువ రెండుకు దగ్గరగా ఉంటే అర్థమేమిటో తెలిస్తే మార్కు పడుతుంది. ఆ విలువ చూసి ఏం చేయకూడదో తెలిసినవాడికీ అదే మార్కు. కాబట్టి కోచింగ్ గదిలో హెచ్చరికల పేజీలు వదిలేసి సూత్రాల పేజీలు పట్టుకుంటే పిల్లలను తప్పుపట్టలేం. 2024 జూన్ 18న 9 లక్షల మందికి పైగా రాసిన నెట్‌ను మరుసటి రోజే రద్దు చేశారు. అద్దె కట్టి, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని చదివిన వాళ్ల మీద ఆ ఒక్క నిర్ణయం ఎంత భారం వేసిందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. జియా సరాయ్ సందుల నుంచి నడిచి వెళ్లే దూరంలో, పక్కనున్న కట్వారియా సరాయ్ దగ్గర, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఢిల్లీ కేంద్రం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు అమెరికా వెళ్లేముందు పనిచేసింది అక్కడే. ఆయన, మద్దాల, ఆర్థికవేత్త వినోద్ కలిసి 1993లో ఎకనమెట్రిక్స్ మీద ఒక పెద్ద సంపుటానికి సంపాదకత్వం వహించారు. ఇంకొంచెం అవతల జేఎన్‌యూ. ఇటు పక్కన ఐఐటీ. దేశంలో ఆర్థికశాస్త్రం బాగా చెప్పే చోట్లలో కొన్ని ఇక్కడే ఉన్నాయి. వాటి గోడల బయట, ఆర్థికశాస్త్రం చెప్పబోయే వేలమంది బిట్ బ్యాంకులు బట్టీ పడుతున్నారు.

ఉద్యోగం వచ్చాక పరిస్థితి మారుతుందా? 2018 యూజీసీ నిబంధనల పట్టిక చూడండి. సామాజిక శాస్త్రాల్లో ఒక పరిశోధన వ్యాసానికి 10 మార్కులు. దేశీయ ప్రచురణకర్త వేసిన పూర్తి పుస్తకానికీ అవే 10. విదేశీ ప్రచురణకర్త వేస్తే 12. ఐదారేళ్లు పాఠం చెప్పి, దిద్ది, మళ్లీ రాసి ఒక పాఠ్యపుస్తకం తెచ్చే ఉపాధ్యాయుడికీ, కొన్ని నెలల్లో ఒక వ్యాసం అచ్చువేయించే ఉపాధ్యాయుడికీ దక్కేది ఇంచుమించు ఒక్కటే. తెలుగులో ఎకనమెట్రిక్స్ పాఠ్యపుస్తకం రాయడానికి ఈ లెక్కలో ఎవరు కూర్చుంటారు?

మద్దాల 'ఇంట్రడక్షన్ టు ఎకనమెట్రిక్స్' ఆయనతో ఆగిపోలేదు. రోచెస్టర్‌లో చదువుకున్న కాజల్ లాహిరి దాన్ని కొనసాగించి, నాలుగో కూర్పును సహ రచయితగా 2009లో తెచ్చారు. అలా ఒక గురువు పుస్తకం శిష్యుడి చేతిలో బతకాలంటే విశ్వవిద్యాలయం ఉపాధ్యాయుడికి సమయం ఇవ్వాలి, కదలడానికి స్వేచ్ఛ ఇవ్వాలి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ, పీహెచ్‌డీ, ఉద్యోగం, పదవీ విరమణ అన్నీ ఒకే క్యాంపస్‌లో జరిగిపోయే జీవితాలు తక్కువేం కాదు. వాళ్లలో మంచి గురువులు ఎందరో ఉన్నారు. అయినా తమను ప్రశ్నించే కొత్త తరగతి గది వాళ్లకు దొరకలేదు.

విదేశాల్లో బోధిస్తున్న తెలుగు ఆచార్యులను పిలిచి సన్మానం చేసి పంపడం మనకు అలవాటే. 2015లో మొదలైన కేంద్ర పథకం 'జ్ఞాన్' కింద బయటి ఆచార్యులు వారం, రెండు వారాల కోర్సులు చెప్పారు. మంచి ప్రయత్నమే. కానీ రెండు వారాల్లో ఉపన్యాసం అవుతుంది, పాఠం అవదు. విద్యార్థి తప్పు చేయాలి, గురువు దిద్దాలి, మళ్లీ చేయాలి. దానికి సెమిస్టర్ కావాలి. ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలు ఏడాదికి ఒక్క పూర్తి సెమిస్టర్ బయటి ఆచార్యుడి చేత చెప్పించినా చాలు. అలాగే మన యువ అధ్యాపకుడు ఏడాది వేరే రాష్ట్రంలోనో, వేరే దేశంలోనో బోధించి వస్తే సీనియారిటీ పోకూడదు, ఖాళీ పోస్టు సాకుగా సెలవు ఆపకూడదు. ఆ మాట అనాలంటే ముందు ఖాళీలు నింపాలి. పనిభారమంతా గెస్ట్ లెక్చరర్ల మీద వేసి ప్రపంచ స్థాయి గురించి మాట్లాడటం న్యాయం కాదు.

ఆ సెమిస్టర్‌లో ఏం చెప్పాలో వెతుక్కోనక్కర్లేదు. నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు గ్రామాల్లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి అవే కుటుంబాల ఆదాయం, ఖర్చు, పంట, పశువుల లెక్కలు ఏళ్ల తరబడి సేకరించింది. ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో 'ఎకనమెట్రికా'లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఔరేపల్లి ఉంది. ఒక ఇంట్లో ఆదాయం పడిపోయినా తిండిఖర్చు ఆ మేరకు పడిపోలేదని, ఊరి సగటుతోపాటే నడిచిందని ఆయన చూపారు. తాను పరిశీలించిన మూడు ఊళ్లలో ఒకదానిలో భూమిలేని వాళ్లకు ఆ రక్షణ తక్కువని కూడా తేల్చారు. ఒకే కుటుంబాన్ని ఏడాది తర్వాత ఏడాది గమనించే ఇలాంటి లెక్కలను ఎలా కలిపి చదవాలో మద్దాల 1971లోనే రాశారు. ఆ ఊళ్ల గణాంకాలు ఇక్రిశాట్ దగ్గర పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. ఉన్నత విద్యామండళ్లు తలచుకుంటే వచ్చే విద్యా సంవత్సరంలోనే వాటితో ఎంఏ రెండో ఏడాదికి ఒక కోర్సు పెట్టవచ్చు. దాని పాఠాలు తెలుగులో పుస్తకంగా తెచ్చే అధ్యాపకుడికి పదోన్నతిలో వ్యాసం కన్నా పెద్ద విలువ కట్టమని యూజీసీని అడగవచ్చు.