సహాయక సాఫ్ట్‌వేర్‌లో లోపం: మరమ్మతు వచ్చినా ముప్పు ఎందుకు తొలగదు?

కంప్యూటర్ భద్రత అనగానే వైరస్‌లు, మోసపూరిత ఈమెయిళ్లు, దొంగిలించిన పాస్‌వర్డ్‌లు గుర్తుకొస్తాయి. తయారీ సంస్థలు అందించే చిన్న చిన్న సహాయక సాఫ్ట్‌వేర్లపై మాత్రం ఎవరి దృష్టీ పడదు. ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయడం, మౌస్ బటన్లకు పనులు కేటాయించడం, ప్రింటర్‌ను అనుసంధానించడం వంటి అవసరాలకు అవి ఉపయోగపడతాయి. పనులు చిన్నవే. వాటిని చేయడానికి ఆ సాఫ్ట్‌వేర్లకు దక్కే అధికారం మాత్రం చిన్నది కాదు. ఇటీవలి సంవత్సరాల్లో వెలుగుచూసిన పలు తీవ్ర లోపాలకు మూలం ఇక్కడే ఉంది.

పన్నెండేళ్లు బయటపడని లోపం

ఇందుకు స్పష్టమైన ఉదాహరణ డెల్ సంస్థ ఉదంతం. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సాధనాలు వాడే ‘డీబీయుటిల్ 2.3’ అనే డ్రైవర్‌లో లోపాలున్నాయని 2021 మే 4న ఆ సంస్థ ప్రకటించింది. భద్రతా సంస్థ సెంటినెల్‌వన్ పరిశోధకులు 2020 డిసెంబర్‌లోనే ఈ విషయాన్ని డెల్‌కు తెలియజేశారు. మొత్తం ఐదు లోపాల్లో నాలుగు అధికార స్థాయిని అక్రమంగా పెంచుకోవడానికి, ఒకటి యంత్రాన్ని స్తంభింపజేయడానికి వీలు కల్పించేవి. అన్నిటికీ కలిపి సీవీఈ-2021-21551 అనే సంఖ్య కేటాయించి, తీవ్రతను పదికి 8.8గా నిర్ధారించారు. 2009 నుంచి విడుదలైన కోట్లాది డెల్ కంప్యూటర్లపై దీని ప్రభావం ఉందని పరిశోధకులు పేర్కొన్నారు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అధికారం అంచెలంచెలుగా ఉంటుంది. సాధారణ వినియోగదారుడికి తన ఫైళ్లపైనే హక్కు. అడ్మినిస్ట్రేటర్ యంత్రం మొత్తంలో మార్పులు చేయగలడు. అన్నిటికీ మూలంలో ఉండే కెర్నల్‌కు దాదాపు హద్దులే లేవు. డెల్ డ్రైవర్ పనిచేసేది ఆ కెర్నల్ స్థాయిలోనే. అయితే తనకు అందిన ఆదేశం ఎవరిదో, వారికి ఆ హక్కు ఉందో లేదో అది పరిశీలించేది కాదు. కాగితం ఎవరు తెచ్చారో చూడకుండా కార్యాలయ ముద్ర వేసే గుమాస్తా వంటిదే ఇది. ముద్ర అసలైనదే, గుమాస్తా అసలైనవాడే. ఉత్తర్వు మాత్రం అనర్హుడిది.

ఇది ఒక్క సంస్థకు పరిమితమైన సమస్య కాదు. 2021 ఆగస్టులో రేజర్ సంస్థ మౌస్ ఉదంతం వెలుగులోకి వచ్చింది. ఆ మౌస్‌ను తగిలించగానే విండోస్ దాని సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌ను అత్యున్నత అధికారంతో నడిపేది. ఫోల్డర్ ఎంచుకోమని అడిగే విండో నుంచే వినియోగదారుడు అదే అధికారంతో కమాండ్లు ఇవ్వగలిగేవాడు. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండే లినక్స్ కూడా ఇందుకు మినహాయింపు కాలేదు. ఆ వ్యవస్థలో విస్తృతంగా వాడే ‘పీకేఎగ్జెక్’ అనే సాధనంలో 2009 నుంచీ ఉన్న లోపం 2022 జనవరిలో గానీ వెల్లడి కాలేదు.

‘స్థానికం’ అనే మాట ఇచ్చే భరోసా

వీటిని ‘స్థానిక’ లోపాలుగా వర్గీకరిస్తారు. అంటే దాడి చేసేవారికి ఆ యంత్రంలో ముందే ఏదో ఒక ప్రవేశం ఉండాలి. ఈ కారణంగానే చాలా కార్యాలయాల్లో వీటి మరమ్మతు వాయిదా పడుతూ ఉంటుంది. దొంగ ఇంట్లోకి వచ్చాక బీరువా తాళం గురించి ఆలోచించి ప్రయోజనమేమిటన్నది ఆ ధోరణి. వాస్తవానికి బీరువా తాళం అవసరమయ్యేది అప్పుడే.

నేటి సైబర్ దాడులు సాధారణంగా ఒక్క అడుగుతో పూర్తికావు. ఒక ఉద్యోగి పొరపాటున తెరిచిన ఈమెయిల్‌తో దక్కేది ఆ ఉద్యోగికున్న పరిమిత అధికారమే. రక్షణ సాఫ్ట్‌వేర్‌ను ఆపడానికి, ఇతరుల పాస్‌వర్డ్‌లు సేకరించడానికి, మొత్తం నెట్‌వర్క్‌కు విస్తరించడానికి పై మెట్టు ఎక్కాలి. ఆ మెట్టును స్థానిక లోపాలే అందిస్తాయి. ఒకే యంత్రాన్ని పలువురు వాడే కళాశాల ల్యాబ్‌లు, బ్యాంకు శాఖలు, ప్రజా సేవా కేంద్రాల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

ఆయుధంగా మారిన పాత డ్రైవర్

సరిచేసిన సాధనాలను విడుదల చేయడంతోపాటు పాత డ్రైవర్‌ను తొలగించాలని డెల్ వినియోగదారులకు సూచించింది. ఉదంతం అంతటితో ముగియలేదు. ఉత్తర కొరియాతో సంబంధం ఉందని భావిస్తున్న లాజరస్ ముఠా ఇదే డ్రైవర్‌ను వాడుకున్నట్లు ఈసెట్ సంస్థ 2022 సెప్టెంబర్‌లో వెల్లడించింది. 2021 శరదృతువులో నెదర్లాండ్స్‌లోని ఒక ఏరోస్పేస్ సంస్థ ఉద్యోగిపైన, బెల్జియంలోని ఒక రాజకీయ పాత్రికేయుడిపైన ఈ దాడులు జరిగాయి. అమెజాన్ పేరుతో ఉన్న పత్రాలను వారికి ఎరగా వేశారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. దాడి చేసేవారికి లక్ష్యంగా ఎంచుకున్న కంప్యూటర్‌లో డెల్ డ్రైవర్ ముందే ఉండవలసిన పనిలేదు. అడ్మినిస్ట్రేటర్ అధికారం చిక్కిన తరువాత ఆ డ్రైవర్‌ను వారే వెంట తెచ్చి అమర్చుకోవచ్చు. దానిపై చెల్లుబాటయ్యే డిజిటల్ సంతకం ఉన్నందువల్ల విండోస్ దానిని నమ్ముతుంది. ఈ దాడుల్లో దాని సాయంతో కెర్నల్‌లోకి చేరి, విండోస్ నిఘా వ్యవస్థలను నిలిపివేశారు. లోపాన్ని సరిదిద్దిన కొత్త కూర్పు రావడం ఒక ఎత్తు. లోపమున్న పాత కూర్పుపై నమ్మకాన్ని ఉపసంహరించడం మరో ఎత్తు. ఈ రెండో పనిలోనే పరిశ్రమ వెనుకబడింది. ప్రమాదకర డ్రైవర్ల నిషేధ జాబితా విండోస్ కంప్యూటర్లన్నిటిలో తనంతట తానే అమలు కావడం విండోస్ 11కు 2022లో వచ్చిన అప్‌డేట్‌తోనే మొదలైంది.

భారత్‌లో చేయవలసింది

సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. సాఫ్ట్‌వేర్‌లోని విడి భాగాల జాబితా తయారీకి 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. మొదటిది నష్టం జరిగాక ఉపయోగపడేది, రెండోది ముందుచూపుతో కూడినది. ఏ యంత్రంలో ఏ డ్రైవర్ ఉందో తెలియని కార్యాలయానికి ఎంతటి హెచ్చరిక వచ్చినా ప్రయోజనం స్వల్పం.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగియడంతో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరని పాత కంప్యూటర్లకు మరమ్మతు చేరే దారే మూసుకుపోతోంది. పరిమిత బడ్జెట్‌తో నడిచే పాఠశాలలు, చిన్న వ్యాపారాలపైనే ఈ భారం ఎక్కువగా పడుతుంది.

పరిష్కారం కొనుగోలు దశలోనే మొదలు కావాలి. టెండరు పత్రాల్లో ధర, మెమరీ, వారంటీలతోపాటు యంత్రంతో వచ్చే సహాయక సాఫ్ట్‌వేర్ల జాబితాను, వాటికి ఎన్నేళ్లు అప్‌డేట్లు అందుతాయన్న హామీని కోరవచ్చు. అవసరం లేని సాధనాలను యంత్రం అప్పగించే ముందే తొలగించమని షరతు పెట్టవచ్చు. ఉద్యోగుల దైనందిన పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇవ్వకపోవడం ఖర్చులేని జాగ్రత్త. ఇవేవీ కొత్త చట్టాలు కోరేవి కావు. లోపం లేని సాఫ్ట్‌వేర్‌ను ఆశించడం అత్యాశే కావచ్చు. యంత్రంలో ఏముందో, దానికెంత అధికారం ఉందో కొనేవారు అడిగి తెలుసుకోవడం మాత్రం న్యాయమైన కోరికే.