తొలి వారపు నొప్పియే కొలబద్ద కారాదు

మలద్వారము చెంత చీము నాళముగా ఏర్పడు భగందరమునకు (ఫిస్టులాకు) చేయు చికిత్సలలో ఏది తక్కువ నొప్పి కలిగించునో అదియే మేలైనదను అభిప్రాయము మన కాశిబుగ్గలో, ఆ మాటకు వచ్చిన యావత్తు వరంగల్లులో, నేడు ప్రబలియున్నది. ఎనుమాముల మార్కెట్టులో బస్తాలు మోయు హమాలీ గాని, ప్రొద్దుగూకువరకు సీటుపై కూర్చుండు ఆటో డ్రైవరు గాని, "లేజరైతే నొప్పి ఉండదట గదా" యని మొట్టమొదట అడుగుటలో తప్పులేదు. రోజుకూలి పోగొట్టుకొనలేని వాని ప్రశ్న అది. ఆ ప్రశ్నకు సగము సమాధానమే చెప్పి పంపువారి వాదమును నేను ఖండింపబూనితిని.

మొదటి వారమున లేజరు వలనను, మలద్వారమును బిగించు కండరముల నడుమ నాళమును ముడివేయు లిఫ్ట్ పద్ధతి వలనను బాధ అల్పముగ నుండుట నిజము. నాళమును కోసి తెరచు ఫిస్టులాటమీలో, స్పర్శజ్ఞానము మెండుగాగల చోట పుండు తెరచియుండి, విసర్జనవేళ మండుటయు నిజమే. అయినను కండరమును స్వల్పముగా మాత్రమే తాకిన భగందరమును అట్లు తెరచినచో నూటికి 90 మందికి పైగా మానుచుండగా, లేజరు పిదప ఇంచుమించు మూడింట ఒకవంతు మందికి నాళము మూసికొనక నిలుచుచున్నది. మరల చీముపట్టి మరల బల్లయెక్కు వాని బాధను ఏ పద్దున వ్రాయుదురు?

మన ఆయుర్వేదపు క్షారసూత్ర చికిత్సనే చూడుడు. జెముడుపాలు, ఉత్తరేణి క్షారము, పసుపు 21 పూతలుగా పట్టించిన దారమును వారమునకొకమారు, పాతదాని కొనకు క్రొత్తది ముడివేసి లాగి మార్చుదురు. మార్చిన పూట మంట తప్పదు. దీనిని శస్త్రచికిత్సతో పోల్చి భారత వైద్య పరిశోధనా మండలి 1991లో ప్రకటించిన పరీక్షలో, మానుటకు 4 వారములకు బదులు 8 వారములు పట్టినను, ఏడాదిలో రోగము తిరుగబెట్టినవారు నూటికి 11 మందికి మారుగా నలుగురే. వారపు మంటను మాత్రమే లెక్కించువానికి ఈ ఫలము కంటబడదు.

కండరమును లోతుగా దాటిన భగందరమును తెరచుట మలనిగ్రహమునకే ముప్పు. అచ్చట లిఫ్ట్ వంటిదానిని ఎన్నుకొనుట సబబే గాని, దానికి హేతువు కండరరక్షణ, నొప్పి తగ్గుట కాదు. నొప్పికి మాత్రలున్నవి, గోరువెచ్చని నీటి తొట్టి యున్నది. తెగిన కండరమునకు అంత సులభమైన మందు లేదు.

కావున రోగపీడితులారా, నొప్పి ఎంత యని మాత్రమే గాక, నా నాళము కండరమును ఎంతమేర దాటినది, రోగము మరల వచ్చు అవకాశమెంత, మలనిగ్రహమునకు ముప్పెంత యని వైద్యుని అడుగుడు. జవాబు దొరకని చోట సమ్మతిపత్రముపై సంతకము చేయకుడు.