యాప్ రాసేస్తే అన్నం చేరిపోతుందా?

మా ఆఫీసులో మళ్ళీ హ్యాకథాన్ సీజను మొదలైంది. ఈసారి ఇరవై రెండు ఐడియాలు వచ్చాయిట. అందులో నాలుగు అచ్చంగా ఒకటే: పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో మిగిలిపోయిన భోజనాన్ని స్వచ్ఛంద సంస్థలకి చేర్చే యాప్. నన్ను జడ్జీగా కూర్చోమన్నారు. కూర్చోనన్నాను. ఎందుకో చెప్పబోతే అందరూ మొహాలు మాడ్చుకున్నారు, "మంచి పనికి కూడా అడ్డం పడతావేంటి" అన్నట్టు. అక్కడ సగంలో ఆగిపోయిన మాట ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ యాప్ నేనూ రాశాను. మూడేళ్ళ క్రితం ఇదే హ్యాకథాన్‌లో నలుగురం కలిసి ఇరవై నాలుగు గంటల్లో తయారు చేశాం. ఇటు దాతలు, అటు సంస్థలు, మధ్యలో ఒక మ్యాపు, ఎవరికెవరు దగ్గరో వెతికే అల్గారిథం. డెమోలో పచ్చచుక్క వెళ్ళి ఎర్రచుక్కని కలవగానే చప్పట్లు మోగాయి. రెండో బహుమతి. తలా ఒక హెడ్‌ఫోన్ సెట్టు ఇచ్చారు.

తర్వాత రెండు నెలలకి మా పిన్ని కూతురి రిసెప్షను. ఆరొందల మందికి వంట చెప్పారు. సాయంత్రం వాన పట్టుకుంది, నాలుగొందల మంది కూడా రాలేదు. రాత్రి పదకొండుకి చూస్తే వెజ్ బిరియానీ, గుత్తొంకాయ, పప్పు, పెరుగన్నం గిన్నెలకి గిన్నెలు మిగిలిపోయాయి. బాబాయి తల పట్టుకుని కూర్చున్నాడు. "నా దగ్గర యాప్ ఉంది బాబాయ్" అని ఠీవిగా ఫోను తీశాను.

పదకొండు సంస్థల పేర్లొచ్చాయి. తొమ్మిది చోట్ల ఫోను ఎత్తలేదు. ఒక పెద్దాయన నిద్రలోంచి లేచి, "మా వృద్ధాశ్రమంలో అందరూ తిని పడుకుని మూడు గంటలైంది నాయనా" అన్నారు. ఆఖరాయన మాత్రం ప్రశ్నలు మొదలెట్టాడు.

"ఎన్నింటికి వండారు సార్?" తెలీదు.

"పొయ్యి మీద వేడిగా ఉంచిందా, బఫేలో తెరిచి పెట్టిందా?" తెలీదు.

"గిన్నెలెవరివి?" క్యాటరింగు వాళ్ళవి. పొద్దున్నే ఇంకో ఫంక్షనుకి పోవాలి కాబట్టి ఇవ్వరట.

"ఎత్తడానికి మనుషులున్నారా? బండి ఉందా?" లేరు. లేదు.

నా యాప్‌లో ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ కాలమ్ లేదు. పన్నెండున్నరకి ఆ వంటంతా హాలు వెనక చెత్తబండిలోకి పోయింది. ఇల్లలకగానే పండగ కాదంటారే, అదీ సంగతి.

ఆ ఆఖరాయన నంబరు దాచుకున్నాను. తర్వాత దాదాపు ఏడాదిపాటు శనివారాలు ఆయన బండిలో తిరిగాను. అందుకే ఇప్పుడు ఇంత ధైర్యంగా నోరు చేసుకుంటున్నాను.

మొదటి సంగతి. దాతనీ సంస్థనీ కలపడం అసలు సమస్యే కాదు. ఆయన జేబులో ఒక నోటుపుస్తకం ఉంది. ఏ క్యాటరరు నమ్మకస్తుడో, ఏ హాస్టల్లో ఎంతమంది పిల్లలో, ఎన్నింటికి తింటారో అన్నీ అందులోనే. ముహూర్తాల రోజున ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది, సగం మందికి రాలేనని చెప్పాల్సొస్తుంది. మూఢం వచ్చిందంటే వారాల తరబడి ఒక్క ఫోనూ రాదు. హాస్టలు పిల్లల ఆకలి పంచాంగం చూసుకుని రాదు కదా! ఆయనకి లేనివేమిటో అడిగితే చెప్పాడు: రెండో బండి, డ్రైవరుకి జీతం, మూత గట్టిగా పట్టే స్టీలు క్యాన్లు, అర్ధరాత్రి వాటిని కడిగే మనిషి. వీటిలో ఏ ఒక్కటీ ప్లే స్టోరులో దొరకదు.

రెండోది గడియారం. వండిన పదార్థం బయట మామూలు వేడిలో రెండు గంటలకి మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం అలా గోరువెచ్చగా ఉండిపోతే అవి మేలుకుని విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. చింతపండు పులుపు, నూనె పుణ్యమా అని పులిహోర కాస్త ఆగుతుంది. కొబ్బరి పచ్చడి ఆగదు, పనీరు కూర ఆగదు. మా అమ్మమ్మకి తెలిసిన ఈ సంగతి నా అల్గారిథంకి తెలీదు. దానికి తెలిసిందల్లా కిలోమీటర్లు.

మూడోది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఒక శనివారం ఆయనకి జ్వరం. నేనే పెద్దమనిషిలా ఒక పుట్టినరోజు ఫంక్షను నుంచి రెండు క్యాన్లు పట్టుకుని ఆడపిల్లల హాస్టలుకి వెళ్ళాను. ట్రాఫిక్కులో గంటన్నర పట్టింది. వార్డెనమ్మ మూత తీసి, వాసన చూసి, వద్దంది. నాకు కోపం వచ్చింది. "ఇంత దూరం మోసుకొచ్చానమ్మా, బాగానే ఉంది" అన్నాను. ఆవిడ నింపాదిగా, "మీ ఇంట్లో పిల్లలకి పెడతారా బాబూ ఇది?" అంది.

నా కూతురికి అప్పుడు ఆరేళ్ళు. జవాబు చెప్పలేక క్యాన్లు వెనక్కి తెచ్చేశాను.

ఆ రోజు నాకర్థమైంది, నేను అన్నం మోసుకెళ్ళలేదు, పారబోయడానికి మనసొప్పని మన అపరాధభావాన్ని మోసుకెళ్ళాను. మన యాప్‌లన్నిటిలో దాతకి బటన్లుంటాయి, ఫోటో ఉంటుంది, బ్యాడ్జీ ఉంటుంది. తీసుకునేవాళ్ళకి "వద్దు" అనే బటన్ ఎక్కడా చూళ్ళేదు. అన్నదానం అనగానే డొక్కా సీతమ్మగారి పేరు తలుచుకుంటాం. లంకల గన్నవరంలో ఆవిడ వచ్చినవాళ్ళకి వండి వడ్డించింది. మనం మిగిలింది దులుపుకుని ఆవిడ పక్కన నిలబడాలనుకుంటే ఎలా?

ఇంకో జబ్బు ఉంది మనకి, ఫార్వర్డుల జబ్బు. "ఫంక్షనులో భోజనం మిగిలితే 1098కి ఫోను చేయండి, వచ్చి తీసుకెళ్తారు" అన్న మెయిలు మీకూ వచ్చే ఉంటుంది. 1098 ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన నంబరు. మేం భోజనాలు సేకరించం మహాప్రభో అని చైల్డ్‌లైన్ వాళ్ళే చెప్పుకోవాల్సొచ్చింది. దెబ్బలు తిన్న పిల్లాడి ఫోను ఎత్తాల్సినవాళ్ళు మన బిరియానీ లెక్కలు వినాలా? ఒక్క నిమిషం సరిచూసుకోకుండా ఫార్వర్డు కొట్టినవాళ్ళలో చదువుకున్న మనమే ఎక్కువ.

"అమెరికాలో ఫుడ్ బ్యాంకులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి కదా" అని అక్కడి మిత్రులు అంటారు. నిజమే. 1967లో ఫీనిక్స్‌లో మొదలైన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు నుంచి వాళ్ళకి పెద్ద అనుభవమే ఉంది. సదుద్దేశంతో ఇచ్చిన దాతకి రక్షణగా 1996లో చట్టం కూడా చేసుకున్నారు. కానీ ఆ గోడౌన్లలో ఎక్కువగా ఉండేది డబ్బాలు, ప్యాకెట్లు, కూరగాయలు, పళ్ళు. మన ఫంక్షనుల్లో మిగిలేది వేడి అన్నం, కూర. ఆ డిజైను తెచ్చి దీనికి అతికిస్తే అతకదు. మన దగ్గరా మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద 2019లో నిబంధనలు వచ్చాయి, 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. యాప్ రాసే కుర్రాళ్ళని అవి చదివారా అని అడిగాను. అలాంటివున్నాయని కూడా తెలీదు.

అయితే చేతులు ముడుచుకు కూర్చోమంటావా అంటారా? వద్దు. చేయాల్సింది చాలా ఉంది, కాకపోతే డెమోలో మెరవదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళలోనే. హోటళ్ళు, క్యాంటీన్ల వాటా 28 శాతం, దుకాణాలది 12. అంటే మొదట చూసుకోవాల్సింది మన ఫ్రిజ్జు, మన క్యాంటీను. మిగిలాక పంచడం కంటే మిగలకుండా చూడటం మేలని వేరే చెప్పాలా?

మా ఆఫీసునే తీసుకోండి. శుక్రవారం సగం మంది ఇంటినుంచే పని. క్యాంటీను కాంట్రాక్టరు మాత్రం రోజూ ఒకే లెక్కకి వండేవాడు, ఎందుకంటే రేపెంతమంది వస్తారో ఆయనకి చెప్పే దిక్కు లేదు. ఆ లెక్క క్యాబ్ బుకింగుల్లో మా దగ్గరే ఉంది! ఆ ఒక్క అంకె రోజూ సాయంత్రం ఐదింటికి ఆయనకి పంపడానికి ఏడు నెలలు మెయిళ్ళు రాయాల్సొచ్చింది. కోడు ఎంతనుకున్నారు? నలభై లైన్లు. శుక్రవారాలు పారబోసేది సగానికి తగ్గిందని ఆయనే చెప్పాడు. దీనికి హెడ్‌ఫోన్లు రాలేదు లెండి :-)

ఇక ఇంట్లో ఫంక్షను పెట్టుకుంటున్నారా? మిగిలాక ఫోను తీయకండి. వారం ముందే ఒక సంస్థతో మాట్లాడండి. సగం మంది తినే వేళకే మిగిలేలా ఉందా లేదా వంటాయన చెప్పేస్తాడు. బఫేలోకి రాకముందే, వేడిగా ఉండగానే వేరే క్యాన్లకి ఎత్తించండి. బండి ఖర్చు మీరే పెట్టుకోండి, మంటపం పూలకి పెట్టిన దాంట్లో అదెంత? వాళ్ళు వద్దంటే నొచ్చుకోకండి.

హ్యాకథాన్ కుర్రాళ్ళకి ఒక్క మాట. మీ మనసు మంచిదే, నాకు తెలుసు, నేనూ అక్కడ నిలబడ్డవాణ్ణే. కానీ రాసే ముందు నాలుగు శనివారాలు బండిలో తిరగండి. ఆ తర్వాత కూడా యాప్ కావాలనిపిస్తే రాయండి, జడ్జీగా నేనే వచ్చి కూర్చుంటాను.

ఈ శనివారం మా బండిలో ఒక సీటు ఖాళీ. క్యాన్లు బాగా బరువుంటాయి, ముందే చెప్తున్నాను.