ఆగిన పాట – చెప్పవలసిన మాట

మన కందుకూరు కళాశాల కంప్యూటరు గదిలో ఒక దృశ్యమును మేము తరచు చూచుచున్నాము. విద్యార్థి ఒకడు ఉర్దూ పేరుగల ఖవ్వాలీనో, తెలుగు పేరుగల పాటనో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్లేయరులో తెరచును. పాట మొదలగునంతలో ప్లేయరు మూతపడును. "ఇది పనికిరాదు" అని అతడు దానిని తొలగించి, వేరొకదానిని వెదకుకొనును. ఈ మౌనము తగదని మా అభిప్రాయము.

యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక్క బైటు చాలును. ఉర్దూ అక్షరమునకు రెండు, తెలుగక్షరమునకు మూడు వలయును. అక్షరమునకొక బైటు చొప్పున లెక్కగట్టిన ప్రోగ్రాము మన పేర్లకడ తడబడుట వింత కాదు. 2018 ఫిబ్రవరిలో ఒకానొక రీతిగా కూర్చిన 'జ్ఞా' అను తెలుగక్షరము ఐఫోనులలోని సందేశముల అప్లికేషన్లను కూలద్రోసినది. జ్ఞానమునకు తొలి అక్షరమే యంత్రమునకు కొరుకుడు పడలేదు! సంగతి లోకమునకు తెలిసిన పిమ్మట యాపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన ఐఓఎస్ 11.2.6తో దానిని సవరించినది.

అట్టి సాఫ్ట్‌వేరు లోపలి వ్రాత మనకు కనబడదు. వేచియుండుటయే మన వంతు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వ్రాతను ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును. వీఎల్‌సీ ప్లేయరు 1996లో ఎకోల్ సెంట్రల్ పారిస్ విద్యార్థుల పనిగా మొదలై, 2001లో జీపీఎల్ లైసెన్సుతో అందరిదైనది. కాని ఎచటనో ఉన్న నిర్మాతకు మన పాట ఆగిన సంగతి మనము చెప్పక ఎట్లు తెలియును?

అయితే "పాడలేదు" అన్నంతమాత్రమున నివేదిక కాదు. హదీసు పండితులు ఒక వార్త ఎవరినుండి ఎవరికి చేరినదో వరుసగా విచారించిన పిదపనే గ్రహించిరి. ఆ నిష్ఠ ఇచటను అవసరము. ప్లేయరు ఏ వెర్షను, ఆపరేటింగు సిస్టము ఏది, ఏమేమి చేయగా ఆగినది, మరల చేసిన మరల ఆగునా, ఫైలు పేరు మార్చిన పాడునా అనునవి వ్రాయవలెను. అదే లోపమును ఇతరులు మున్నే తెలిపిరేమో చూడవలెను. యంత్రమిచ్చు చిట్టాలో సొంత వివరములున్నచో తొలగించి పంపవలెను.

"ఇంగ్లీషులో వ్రాయలేము" అను సంకోచము విద్యార్థులకు కలదు. దానిని తీర్చుట అధ్యాపకులమగు మా బాధ్యత. కంప్యూటరు గదిలో ఒక రిజిష్టరు ఉంచి, అందు వ్రాసినవానిని తెలుగు, ఉర్దూ, ఆంగ్ల అధ్యాపకులు నెలకొకమారు సరిచూచి పంపు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. వెల చెల్లింపక పొందిన వస్తువునకు నిజము చెప్పుటయే మనము తెలుపగల షుక్రియా.