కడుపు మాడ్చుకుంటే కొవ్వు కరుగుతుందా?

చాంద్రాయణగుట్ట నుంచి ఒక సోదరి వ్రాస్తున్నారు: "నాకు నలభై రెండేళ్ళు. మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. ఈలోగా ఒళ్ళు తగ్గాలని రెండు నెలలుగా పొద్దున టీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు మాత్రం తీసుకుంటున్నాను. రాత్రి పస్తు. మొదట నాలుగు కిలోలు తగ్గాను. ఇప్పుడు కాటా కదలడం లేదు. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. మా వీధిలో ఒకావిడ, ఒంట్లో వేడి పెంచితే కూర్చున్నచోటే కొవ్వు కరుగుతుందని ఏదో పొడి కొనమంటున్నది. ఆ వేడి సహజంగా పెరిగే మార్గం లేదా?"

మీ ఊరి పేరులో ఉన్న చాంద్రాయణాన్ని మీరు వ్రతంగా పట్టినట్లున్నారు! పౌర్ణమినాడు పదిహేను ముద్దలతో మొదలుపెట్టి, రోజుకొకటి తగ్గించి, అమావాస్యకు పస్తుండి, మళ్ళీ ఒక్కొక్కటే పెంచుకుంటూ రావడం చాంద్రాయణం. పెద్దలు దాన్ని ప్రాయశ్చిత్తంగా విధించారు. అందులోనైనా శుక్లపక్షం ఉంది. మీ వ్రతమంతా కృష్ణపక్షమే. కూతురి పెళ్ళి చేయడం అంత పాపమా అమ్మా?

మనం కదలక పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పని మానవు. ఆ పనికి పొయ్యి వెలుగుతూనే ఉండాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం, 55 కిలోల బరువుండి, ఎక్కువగా కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1,660 కాలరీలు కావాలి. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఈ పొయ్యికే ఖర్చు.

కట్టెలు తగ్గిస్తే ఏమవుతుంది? ఇల్లు నడిపే ఇల్లాలికి చెప్పాలా? జీతం తగ్గినప్పుడు మీరు ఖర్చు తగ్గించినట్లే శరీరమూ తగ్గిస్తుంది. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులకు ఆరు నెలలపాటు అరకొర తిండి పెట్టి చూశారు. వాళ్ళ బరువు నాలుగోవంతు తగ్గితే, విశ్రాంతిలో ఒళ్ళు ఖర్చుచేసే శక్తి నూటికి నలభై వంతుల దాకా పడిపోయింది. చలి, నీరసం, ఎప్పుడూ తిండి ధ్యాస! మీ కాటా కదలకపోవడానికి ఇదీ ఒక కారణమే.

ఇక పెంచడం సంగతి. మిరపకాయ, అల్లం, గ్రీన్ టీ కొద్దిసేపు కొంచెం వేడి పుట్టిస్తాయి, అంతే. కండ పెరిగితే ఖర్చు పెరిగే మాట నిజమే కాని, కిలో కండ విశ్రాంతిలో రోజుకు 13 కాలరీలే తింటుంది. రెండు కిలోలు పెరిగినా లాభం చెంచాడు పంచదారకన్నా కాస్త ఎక్కువ! అయినా కండను కాపాడుకోవాలి. పస్తులతో కొవ్వుతోపాటు కండా పోతుంది. కళ్ళు తిరగకుండా పెళ్ళి పనులు చేయవలసింది ఆ కండతోనే.

"వయస్సు మీదపడింది, ఇక కరగదు" అనుకోకండి. 2021లో వెలువడిన పెద్ద పరిశీలన ప్రకారం, శరీర పరిమాణాన్నిబట్టి చూస్తే ఇరవై నుంచి అరవై ఏళ్ళదాకా ఈ ఖర్చు ఇంచుమించు ఒకటే. తగ్గేది మన కదలిక.

కాబట్టి రాత్రి పస్తు మానండి. మూడు పూటలా మితంగా తినండి. అన్నం కాస్త తగ్గించి, పప్పు, పెరుగు, అలవాటుంటే గుడ్డు చేర్చండి. టీలో పంచదార, నూనె వంటకాలు తగ్గించండి. నీరసం తగ్గాక రోజూ అరగంట నడవండి. వారానికి రెండు మూడుసార్లు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదేసి మార్లు లేచి కూర్చోండి. కంటినిండా నిద్రపోండి. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గితే చాలు.

అన్నిటికన్నా ముందు, ఈ వారమే దగ్గరలోని బస్తీ దవాఖానాలో చూపించుకోండి. కళ్ళు తిరగడానికి రక్తహీనత ఉండవచ్చు. బరువు తగ్గకపోవడానికి థైరాయిడ్ లోపం కావచ్చు. రెంటికీ రక్తపరీక్ష ఉంది, మందు ఉంది. పొడి మాత్రం కొనకండి. ఇలాంటి వాటిలో చెప్పకుండా మందులు కలిపినట్లు బయటపడిన సందర్భాలున్నాయి. గుండెకు ప్రమాదం సుమా!

పెళ్ళికి వచ్చినవాళ్ళు మీ నడుము కొలవరు. పీటలమీద తల్లి కళ్ళు తిరిగి పడితే మాత్రం పెళ్ళికూతురు జన్మలో మరచిపోదు. ఈ రాత్రికి అన్నం తినండి.